అలమారు మీది విమానము

మా ఇంటికి ప్రార్థన కూటానికి వచ్చేవారు చెప్పులు విడిచి లోపలికి రాగానే వారి చూపు ముందుగా అలమారు మీదికి పోతుంది. ఆ అలమారులో బైబిళ్ళు, పాటల పుస్తకాలు, మా పెండ్లి ఫోటో ఉంటాయి. దాని పైన ఒక అద్దాల పెట్టెలో, జానెడున్నర వెడల్పు రెక్కలతో ఆకుపచ్చని విమానం ఒకటి ఉంది. రెక్కల మీద ఎర్రని గుండ్రటి గుర్తులు. పొట్ట క్రింద బాంబు.

"ఇదేమిటండీ, ప్రార్థన జరిగే ఇంట్లో యుద్ధ విమానం?" అని మా సంఘానికి క్రొత్తగా వచ్చిన పాస్టరు గారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఒక్క మాటలో జవాబు చెప్పలేక ఆ రోజు నవ్వి ఊరుకున్నాము. ఆ జవాబునే ఇప్పుడు మీ అందరి ఎదుట వ్రాస్తున్నాము.

మేమంటే మేమిద్దరము, భార్యాభర్తలము. సామర్లకోట దగ్గర పల్లెలో ముప్పై ఏండ్లకు పైగా పిల్లలకు చదువు చెప్పి పదవీ విరమణ చేశాము. యుద్ధమంటే మాకు ఇష్టం లేదు. విమానాల మీద మోజు అసలే లేదు. అయినా ఆ బొమ్మను ముక్క ముక్కా అతికించి, రంగులు వేసి నిలబెట్టింది మా చేతులే.

ఈ సంగతి అమ్మతో మొదలవుతుంది. ఆమె మా ఇద్దరిలో ఒకరికి కన్నతల్లి, ఒకరికి అత్తగారు. ఇద్దరమూ అమ్మా అనే పిలిచేవారము. 1942లో అమ్మకు ఎనిమిదేండ్లు. వాళ్ళ ఇల్లు కాకినాడ జగన్నాథపురంలో. ఆ ఏడు ఫిబ్రవరిలో జపాను సైన్యం సింగపూరును, మార్చిలో రంగూనును పట్టుకుంది. అండమాను దీవుల్లోనూ దిగింది. రంగూను నుండి తిరిగి వచ్చిన మనవాళ్ళు చెప్పే కబుర్లతో ఊరంతా బెంగగా ఉండేదట.

ఆ సంవత్సరం ఈస్టరు ఏప్రిల్ 5న వచ్చింది. తెల్లవారుజామున సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలిగించి, ఆరాధనకు వెళ్ళి వచ్చారు. మరునాడు సోమవారం, ఏప్రిల్ 6న, బంగాళాఖాతంలోకి వచ్చిన ర్యూజో అనే జపాను విమానవాహక నౌక మీది నుండి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. రేవులు, ఓడలు వారి గురి. అమ్మ వీధిలో నిలబడి తల పైకెత్తి చూసింది. ఆమె తల్లి పరుగున వచ్చి చెయ్యి పట్టి లోపలికి లాగి, గుమ్మం క్రింద నిలబెట్టింది.

బాంబు వాళ్ళ ఇంటి మీద పడలేదు. వాళ్ళ వీధిలోనూ పడలేదు. కాని మళ్ళీ వస్తారన్న భయంతో ఆ రాత్రే ఎడ్లబండి కట్టించుకొని, సామాను, పిల్లలను ఎక్కించుకొని, సామర్లకోట కాలువ గట్టు వెంబడి బయలుదేరారు. పెద్దాపురం దాటాక ఎవరిదో పశువుల పాకలో తలదాచుకున్నారు. ఏప్రిల్ ఎండలు. దొరికిన నీళ్ళే త్రాగారు. మూడో వారంలో అమ్మ తమ్ముడు, రెండేండ్ల పిల్లవాడు, విరేచనాలు పట్టుకొని రెండు రోజుల్లో చనిపోయాడు. ఎవరి పొలం గట్టునో పాతిపెట్టారు. తరువాత ఎంత వెదికినా ఆ చోటు ఆనవాలు దొరకలేదు. ఆ పిల్లవాడికి ఫోటో కూడా లేదు.

ఇదంతా మాకు తెలిసింది చుట్టాల నోట. అమ్మ తనంతట తాను ఎన్నడూ చెప్పలేదు. 1996 తుఫాను తరువాత మా ఊరి మీదుగా హెలికాప్టరు వెళ్ళినప్పుడు, అరవై రెండేండ్ల మనిషి, చేటలోని బియ్యం వదిలేసి వచ్చి గుమ్మం క్రింద నిలబడింది. అది వెళ్ళిపోయిందాకా ద్వారబంధాన్ని పట్టుకునే ఉంది. మేము ఏమీ అడగలేదు.

2016లో మా అబ్బాయి జపానులో ఉద్యోగం చేస్తూ షిజువోకా పట్టణంలో కాపురం ఉండేవాడు. మమ్మల్ని మూడు నెలలు వచ్చి ఉండమన్నాడు. అమ్మను చెల్లెలి ఇంట్లో దింపి, ఏప్రిల్ నెలలో వెళ్ళాము. బయలుదేరేటప్పుడు అమ్మ ఊరగాయ జాడీ చేతికిచ్చి, "జపానా" అని మాత్రం అన్నది. ఇంకేమీ అనలేదు.

షిజువోకా టీ తోటలకు పేరుపడిన ఊరు. ఆకాశం తేటగా ఉన్న ఉదయం ఫ్యూజీ పర్వతం కనిపిస్తుంది. ఇంకొక పేరు కూడా ఉందని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. చిన్న కొలతల్లో విమానాలు, ఓడలు, కారులు చేసే ప్లాస్టిక్ బొమ్మలకు అది పుట్టిల్లు. పూర్వం అక్కడ చెక్కపని చేసేవారు ఎక్కువ. అందుకని చెక్క బొమ్మలు వచ్చాయి, వాటి తరువాత ప్లాస్టిక్ వచ్చింది. ప్రపంచమంతా ఎరిగిన టామియా కంపెనీ 1946లో కలప వ్యాపారంగా మొదలై, 1960లో మొదటి ప్లాస్టిక్ నమూనాను, ఒక యుద్ధనౌకను, చేసింది. హసెగావా అనే మరో కంపెనీ ప్రక్కనే ఉన్న యాయిజు పట్టణంలో ఉంది. 1959 నుండి ఆ ఊరిలో ఈ బొమ్మల ప్రదర్శన జరుగుతూ వస్తోంది.

మా అబ్బాయి ఇంటికి ఎదురుగా డెబ్బై ఆరేండ్ల పెద్దాయన ఒకరు ఉండేవారు. భార్య చనిపోయింది. ముందు గది నిండా విమానాల బొమ్మలే. మా మనుమడికి అప్పుడు తొమ్మిదేండ్లు. వాడు బడి నుండి రాగానే అక్కడికే పరుగెత్తేవాడు. ఒక సాయంకాలం ఆయన మమ్మల్నీ టీకి పిలిచారు. మాకు ఆయన భాష రాదు. అబ్బాయి మధ్యన కూర్చొని అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పాడు.

ఆయన ముందుగా జీరో అనే విమానాన్ని చూపించారు. మిత్సుబిషి వారి ఇంజనీరు జిరో హొరికోషి దాని రూపకర్త. రెక్కల వెడల్పు 12 మీటర్లు. ఆయన చేసిన బొమ్మ అందులో 48వ వంతు, అంటే 25 సెంటీమీటర్లు. 1939లో మొదటి విమానం తయారైనప్పుడు నగోయాలోని ఫ్యాక్టరీ దగ్గర విమానాశ్రయం లేదట. విమానాన్ని ముక్కలుగా విప్పి, ఎడ్లబండ్ల మీద సుమారు 48 కిలోమీటర్లు తీసుకెళ్ళి, కగామిగహరా మైదానంలో మళ్ళీ బిగించి ఎగురవేశారట. అంత వేగంగా పోయే విమానం ఎడ్లబండి ఎక్కిందని వినగానే మాకు నవ్వు వచ్చింది. వెంటనే అమ్మ వాళ్ళు ఎక్కిన ఎడ్లబండి గుర్తుకు వచ్చి ఆ నవ్వు ఆగిపోయింది.

"మీది ఏ ఊరు?" అని ఆయన అడిగారు. కాకినాడ అని అబ్బాయి చెప్పాడు. ఆయన లేచి ఒక లావుపాటి పుస్తకం తెచ్చి, పటంలో మన తీరం మీద వ్రేలు పెట్టారు. 1942 ఏప్రిల్ 6 అన్నారు. తరువాత అటకెక్కి, విప్పని అట్టపెట్టె ఒకటి దించారు. దాని మీద మూడు సీట్ల ఆకుపచ్చని విమానం బొమ్మ ఉంది. నకాజిమా కంపెనీ చేసిన 97 రకం దాడి విమానం. అమెరికా వారు దానికి కేట్ అని మారుపేరు పెట్టుకున్నారు. "మీ ఊరికి వచ్చింది ఈ రకం" అని చెప్పి, ఆయన నడుము వంచి తల దించారు. చాలాసేపు తల ఎత్తలేదు. మాకు ఏమి చేయాలో తోచక మేమూ లేచి నిలబడ్డాము.

కాసేపటికి ఆయన మూల ఉన్న పెద్ద బొమ్మను చూపించారు. వెండి రంగు, నాలుగు ఇంజన్లు, రెండడుగుల రెక్కలు. అమెరికా వారి బి-29. 1945 జూన్ 19 అర్ధరాత్రి దాటాక, అలాంటి విమానాలు షిజువోకా మీద నిప్పు బాంబులు కురిపించాయి. సుమారు 2,000 మంది ఊరివాళ్ళు చనిపోయారు. అప్పుడు ఆయనకు ఐదేండ్లు. తల్లి తడిపిన బొంత కప్పి, చంకన వేసుకొని అబే నది ఇసుకలోకి పరుగెత్తిందట. వాళ్ళ ఇల్లు మిగలలేదు.

"మీ ఇల్లు కాల్చిన విమానాన్ని మీరే ఎందుకు చేశారు?" అని అడిగాము. ఆయన కొంచెం ఆలోచించి చెప్పిన మాటను అబ్బాయి మాకు ఇలా చెప్పాడు: "చిన్నప్పుడు అది కలలో ఆకాశమంత ఉండేది. చేసి చూశాక రెండడుగులు ఉంది."

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఇద్దరమూ అమ్మ గురించే ఆలోచిస్తున్నామని ఇద్దరికీ తెలుసు. తెల్లవారి వెళ్ళి, ఆ పెట్టెలోని విమానాన్ని ఎలా చేయాలో మాకు నేర్పండి అని అడిగాము.

ఐదు వారాలు పట్టింది. పెట్టె తెరిస్తే బూడిద రంగు ప్లాస్టిక్ చట్రాలు, వాటికి కాయలలాగా అంటుకొని చిన్న చిన్న ముక్కలు. ప్రతి ముక్కకూ అంకె ఉంటుంది. చిన్న కటింగ్ ప్లేయరుతో కత్తిరించి, గరుకు కాగితంతో మొలకను అరగదీసి, ముందు బంక లేకుండా కూర్చి చూసుకోవాలి. దీనికి వాడే బంక మన గమ్ములాంటిది కాదు; ప్లాస్టిక్ అంచును కరిగించి రెండు ముక్కలను ఒకటి చేస్తుంది. తొందరపడితే వ్రేలి ముద్ర కూడా అందులో కరిగి ఉండిపోతుంది. సైకిళ్ళు, నీళ్ళ మోటార్లు విప్పి బిగించిన చెయ్యికి అతుకుల పని వచ్చింది. కుట్టుమిషను అలవాటున్న చెయ్యికి నిలకడ ఎక్కువ గనుక రంగుల పని వచ్చింది. చట్రం నుండి ముక్కలు కోసి అంకెల ప్రకారం పేర్చడం మనుమడి వంతు.

పని లోపలి నుండి మొదలుపెట్టాలి. రెండు ప్రక్కలూ మూసేస్తే ఇక లోపలికి చెయ్యి పోదు. జపాను విమానాల లోపలి లోహానికి తుప్పు పట్టకుండా ఒక పల్చని నీలి ఆకుపచ్చ పూత వేసేవారు. దాన్ని ఆఓతాకే అంటారు. పచ్చి వెదురు అని అర్థం. ఆ రంగు రావాలంటే ముందు వెండి రంగు వేసి, ఆరాక దాని మీద గాజులా పారదర్శకమైన నీలం, ఆకుపచ్చ కలిపి పల్చగా వేయాలి. క్రింది వెండి పైకి మెరుస్తుంది. తడిసిన అరటాకు మీద ఎండ పడినట్టు ఉంటుంది. అంత చక్కని రంగును మనుషులు చూడని చోట ఎందుకు వేశారా అనిపించింది.

తరువాత మూడు సీట్లు అమర్చాము. ముందు నడిపేవాడు. మధ్యలో దారి, గురి చూసేవాడు. వెనుక వార్తలు పంపుతూ తుపాకి దగ్గర ఉండేవాడు. ఒక్కొక్క సీటు మా చిటికెన వ్రేలి గోరంత. నడుముకు కట్టుకొనే పట్టీలను కూడా సన్నని కాగితం కోసి వేయమన్నారు పెద్దాయన. ఆ పట్టీలు అతికిస్తున్నప్పుడే, ఆ సీట్లలో మనుషులు కూర్చున్నారన్న సంగతి మాకు మొదటిసారి తెలిసివచ్చింది. డెబ్బై ఏండ్లుగా మా ఇంట్లో అది ఒక చప్పుడు. ఇప్పుడు దానికి మూడు సీట్లు ఉన్నాయి.

మధ్య సీటు దగ్గర పెద్దాయన మాకు ఒక మాట చెప్పారు. మేము క్రైస్తవులమని ఆయనకు తెలుసు. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బరు మీదికి విమానాలను నడిపించిన మిత్సువో ఫుచిదా ఇలాంటి విమానంలోనే ప్రయాణం చేశాడు. మన తీరం మీద బాంబులు పడడానికి ముందు రోజు, ఆ ఈస్టరు ఆదివారం నాడు, కొలంబో మీద దాడిని నడిపించినదీ అతడే. ఆ నెల 18న అమెరికా వారు జపాను మీద మొదటిసారి బాంబులు వేశారు. అందులో ఒక విమానంలో ఉన్న జేకబ్ డిషేజరు పట్టుబడి నలభై నెలలు చెరలో ఉన్నాడు. ఆ చెరలో బైబిలు చదివి మారాడు. 1948లో మిషనరీగా జపానుకు తిరిగి వచ్చి, తరువాత తాను బాంబులు వేసిన నగోయాలోనే సంఘం కట్టాడు. అతని సాక్ష్యం అచ్చువేసిన కరపత్రం ఫుచిదా చేతికి అందింది. ఫుచిదా కూడా బైబిలు చదివి, 1950లో ప్రభువును అంగీకరించి, సువార్తికుడయ్యాడు. మా సంఘంలో ఈ కథ ఎప్పుడో విన్నాము. గోరంత సీటును పట్టకారుతో పట్టుకొని వింటే అది వేరుగా వినబడింది.

పైన ముదురు ఆకుపచ్చ, క్రింద లేత బూడిద రంగు. కాని యుద్ధంలో తిరిగిన విమానం క్రొత్త పళ్ళెంలా మెరవకూడదు. మనుషులు ఎక్కి దిగే రెక్క మొదట్లో, సముద్రపు గాలి తగిలే అంచుల్లో రంగు పెచ్చులు లేచి లోహం కనబడాలి. అందుకు వారు చేసే ఉపాయం మన వంటింటి ఉప్పే. ముందు వెండి రంగు వేసి ఆరనిచ్చి, అక్కడక్కడ నీటి తడి అద్ది నాలుగు ఉప్పు రవ్వలు చల్లుతారు. అవి అంటుకున్నాక పైన ఆకుపచ్చ చిమ్ముతారు. ఆరిన తరువాత బ్రష్షుతో ఉప్పు దులిపేస్తే, దాని క్రింద వెండి మచ్చలు మిగులుతాయి. మొదటిసారి మేము చేయి జారి కూరలో వేసినట్టు వేశాము. రెక్క అంతా మశూచి మచ్చలయ్యాయి. మళ్ళీ మొత్తం కడిగి మొదటికి వచ్చాము. పెద్దాయన నవ్వలేదు. తాను పాడుచేసిన మూడు విమానాలను తెచ్చి చూపించారు.

ఎర్రని గుర్తులు సన్నని పొరల్లా వస్తాయి. నీళ్ళలో నానబెట్టి, కాగితం మీది నుండి మెల్లగా జార్చాలి. తోక మీద నంబరు మాత్రం మేము వేయలేదు. ఇది ఫలానా మనిషి నడిపిన విమానమని చెప్పడం మా ఉద్దేశం కాదు. వైర్‌లెస్ తీగ కోసం పారేసే చట్రపు ముక్కను కొవ్వొత్తి మంట మీద వేడిచేసి లాగాము. తల వెంట్రుకంత సన్నగా సాగింది. అద్దాల మూత మీద పడిన బంక మరకను పండ్లపొడి పేస్టుతో గంటసేపు రుద్ది పోగొట్టాము.

చివరికి ఒక్క ముక్క మిగిలింది. బాంబు.

మనుమడు దానికి అప్పటికే రంగు వేసి ఉంచాడు. మేము వద్దన్నాము. "తాతమ్మకు చూపించాలి కదరా. ఆమె బాధపడుతుంది" అన్నాము. "మరి బాంబు లేకపోతే ఇది ఏ విమానం, తాతయ్యా?" అని వాడు అడిగాడు. మాకు కోపం వచ్చింది. పిల్లవాడి మీద గట్టిగానే అరిచాము. వాడు ఏడుస్తూ లేచిపోయాడు. పెద్దాయన కలుగజేసుకోలేదు. బాంబును చిన్న అగ్గిపెట్టెలో పెట్టి మా చేతికిచ్చారు. తన బి-29ని తిప్పి, దాని పొట్ట క్రింద చూపించారు. బాంబులు జారవిడిచే తలుపులు తెరిచే ఉన్నాయి. ఆయన ఏమీ చెప్పలేదు. మేమూ ఏమీ అనలేదు.

జూన్ నెలలో ఆయన మమ్మల్ని ఊరి ప్రక్కనున్న షిజుహతా కొండ మీదికి తీసుకెళ్ళారు. 1945లో ఆ రాత్రి రెండు బి-29లు ఆకాశంలో ఢీకొని కూలిపోయాయి. వాటిలోని 23 మంది అమెరికా వైమానికులు చనిపోయారు. ఊరు ఇంకా తగలబడుతుండగానే ఫుకుమాత్సు ఇతో అనే ఆ ఊరి మనిషి, ఆ వైమానికుల శవాలను కూడా తన ఊరివాళ్ళతో పాటు పాతిపెట్టాడు. చాలామంది అతన్ని తప్పుపట్టారు. ఇప్పుడు ఆ కొండ మీద ఊరివాళ్ళ నిమిత్తం, ఆ 23 మంది నిమిత్తం జ్ఞాపకపు రాళ్ళు ఉన్నాయి. ఏటేటా ఇరుదేశాలవారు అక్కడ కలుసుకుంటారు. శిథిలాల్లో దొరికిన నల్లగా కాలిన సీసా ఒకటి ఉంది. ఒక వైమానికుడిది. దాన్ని కడిగి శుభ్రం చేయలేదు. కాలినది కాలినట్టే ఉంచి, చేతుల్లోకి తీసుకుంటారు.

జులైలో ఇంటికి వచ్చాము. విమానాన్ని దూది మధ్య పెట్టి ఒళ్ళో పెట్టుకొని తెచ్చాము. అగ్గిపెట్టె మాత్రం సూట్‌కేసు అడుగున బట్టల మడతల్లో ఉంది.

వారం రోజులు అమ్మకు చూపించే ధైర్యం చాలలేదు. ఒక సాయంకాలం తానే అడిగింది. "ఆ పెట్టెలో ఏవుందిరా, రోజూ తీసి చూసి మళ్ళీ పెడుతున్నారు?"

తెచ్చి మంచం మీద పెట్టాము. కళ్ళజోడు సరిచేసుకొని చూసింది. ఏమిటని అడగలేదు. ఎర్రని గుర్తు మీద వ్రేలు ఆనించి తీసేసింది. తరువాత రెండు చేతులతో విమానాన్ని ఎత్తి, తల మీదుగా పైకి పట్టుకొని, మెడ వెనక్కి వాల్చి క్రింద నుండి చూసింది. ఎనభై రెండేండ్ల చేతులు వణుకుతున్నాయి. పడేస్తుందేమోనని మేము చేతులు చాచాము.

"ఇలాగే" అన్నది. "పైన పచ్చగా ఉంటదని నాకేం తెలుసు? నేను కింద నుంచి చూశాను. ఈ ఎర్ర చుక్కలు రెండూ కనపడ్డాయి."

తిరిగి ఒళ్ళో పెట్టుకుంది. "ఇందులో ఎంతమంది కూర్చుంటారు?"

"ముగ్గురు అమ్మా."

"కుర్రాళ్ళేనా?"

"కుర్రాళ్ళే."

చాలాసేపు ఊరుకుంది. తరువాత పొట్ట క్రింద వ్రేళ్ళతో తడిమి, "మరి బాంబేదిరా?" అన్నది.

ఇద్దరమూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. "పెట్టలేదమ్మా. నువ్వు బాధపడతావని."

"అది ఉత్తినే రాలేదు కదా" అన్నది అమ్మ. కోపంగా అనలేదు. బడిలో తప్పు లెక్క చేసిన పిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. "లేనట్టు చూపించి నన్ను క్షమించమంటే ఏం క్షమిస్తాను? ఉన్నదానికే కదర్రా క్షమించడం. ఉన్నది ఉన్నట్టు పెట్టండి."

అగ్గిపెట్టె తెచ్చాము. దీపం వెలుగు చాలలేదని అమ్మ టార్చిలైటు పట్టుకుంది. ఒకరము విమానాన్ని తలక్రిందులుగా పట్టుకుంటే, ఒకరము రెండు చుక్కల బంక వేసి ఆ ముక్కను దాని చోట అతికించాము. ఆరేదాకా అమ్మ టార్చి దించలేదు.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో అమ్మ తన తమ్ముడి పేరు తీసింది. మా పెండ్లయిన నలభై ఏండ్లలో ఆ పేరు ఆమె నోట మేము వినడం అదే మొదలు. ఆ పాక, ఆ నీళ్ళు, పొలం గట్టు మీద గొయ్యి తవ్విన మనిషి దగ్గర తలపాగా గుడ్డ తప్ప మరేమీ లేకపోతే దానిలోనే చుట్టడం, అన్నీ ప్రభువుకు చెప్పింది. మాకు చెప్పలేదు, ఆయనకే చెప్పింది. మేము ప్రక్కన మోకాళ్ళ మీద ఉండి విన్నాము. మరునాడు మనుమడికి ఫోను చేసి, నువ్వన్నదే నిజమురా, మాదే తప్పు అని ఒప్పుకున్నాము.

ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి. తరువాత కూడా హెలికాప్టరు వస్తే అమ్మ గుమ్మం క్రిందికి వచ్చి నిలబడేది. ఒళ్ళు నేర్చుకున్న భయం ఒళ్ళు విడవదేమో. అయితే అప్పటి నుండి ఒంటరిగా నిలబడలేదు. "రండర్రా" అని మమ్మల్ని పిలిచేది. ముగ్గురమూ ఆ ద్వారబంధాన్ని పట్టుకొని, చప్పుడు దూరమయ్యేదాకా నిలబడేవారము.

అమ్మ 2019లో ప్రభువునందు నిద్రించింది. విమానం అలమారు మీదనే ఉంది. ఈస్టరు మరునాడు అద్దాల పెట్టె తీసి, మెత్తని బ్రష్షుతో రెక్కల మీది దుమ్ము, మూడు సీట్ల మీది అద్దాల దుమ్ము, చివరగా క్రింది భాగం తుడుస్తాము. పాస్టరు గారూ, ఈసారి ఈస్టరు మరునాడు మీరు కూడా రండి. బొమ్మను మీ చేతికిస్తాము. పైకెత్తి, క్రింద నుండి చూడండి.